వాయవ్యం గది వాకిలి

శుక్రవారం పొద్దున్నే సుగుణమ్మ పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పక్కన గట్టు మీద మూడు కాగితాలు పరుచుకుని నిలబడింది. ఇంజనీరు ప్రేమ్ కుమార్ గీసిచ్చిన కారు షెడ్డు డిజైన్లు అవి. మొదటిదానికి పైకి చుట్టుకునే షట్టర్. రెండోదానికి పక్కకు జరిగే గేటు. మూడోదానికి ఇనుప స్తంభాలు, పైన రేకులు, ముందర జాలీ. కొన్నాళ్లుగా ఆ ఇంట్లో ఎవరు అన్నానికి కూర్చున్నా ఈ మూడింటి గొడవే.

"అమ్మా, పాలు పొంగిపోతాండాయి! నీ కండ్లు యాడుండాయి?" అంటూ కొడుకు సాయికృష్ణ పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేశాడు.

"కాగితాలు తడవలేదు కదా?" అంది సుగుణమ్మ. పాలు పోతే పోయాయి, కాగితాలు భద్రంగా ఉంటే చాలు. ఆ షెడ్డు మీద అంత ఆశ పెట్టుకుందావిడ.

"నా మాట విను. షట్టరే మేలు. లోపల కారుందో లేదో ఎవురికీ తెలీదు," అన్నాడు సాయికృష్ణ.

పడసాలలో పేపరు చదువుతున్న కేశవమూర్తి అక్కడి నుంచే గొంతెత్తాడు. "ఒరే అబ్బీ, దినమంతా చింతపండు అంగట్లో షట్టర్ ఎత్తేది, దించేది. ఇంటికొచ్చి గూడా అదే పనా నాకు? గేటు పెట్టిస్తాం. ఇల్లు ఇల్లు మాదిరి ఉండల్ల."

"గేటు జరగల్లంటే పక్కన జాగా ఉండల్ల కదా నాయనా."

తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చిన కోడలు నిఖిత నవ్వింది. "నన్నడిగితే జాలీ బాగుంటాది మామా. గాలీ వెలుతురూ వస్తాది. షట్టరేస్తే చీకటి కొట్టు మాదిరి అయిపోతాది."

చూశారా! అందరూ ముందర ఏం పెట్టాలన్నదాని మీదే కొట్టుకుంటున్నారు. వెనక ఏం పోతుందన్న మాట ఒక్కరి నోటా రాదు. ఆ మూడింటిలో ఏది ఎంచుకున్నా కూలగొట్టాల్సింది ఒకటే. వాయవ్యం మూలనున్న గిరిజమ్మ గది.

గిరిజమ్మ కేశవమూర్తికి అక్క. పెళ్లయి మడకశిర వెళ్లి, మొగుడి చేతి దెబ్బలు తినీ తినీ, ఒక తెల్లవారుజామున బస్సెక్కి హిందూపురం వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు. వాళ్ల నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కూతుర్ని ఒక్క మాటా అడగకుండా మేస్త్రీని పిలిపించి, ఇంటిని ఆనుకుని ఆ మూల ఒక గది కట్టించాడు. ఇంట్లోకి ఒక తలుపు, వీధిలోకి సొంతంగా ఒక వాకిలి పెట్టించాడు. "నా బిడ్డ యాడికి పోయినా, ఎప్పుడొచ్చినా, ఎవురికీ జవాబు చెప్పే పని లేదు," అన్నాడట. అప్పటి నుంచీ గిరిజమ్మ ఆ గదిలోనే పులిహోరలో కలుపుకునే చింతపండు ముద్ద, పులియోగరె గొజ్జు చేసి, ఆ వాకిట్లోనే అమ్ముకుంటూ తన ఖర్చులు తనే చూసుకుంటోంది. వీధి ఆడవాళ్లంతా ఆ వాకిటి దగ్గరే ఉంటారు.

సుగుణమ్మకు ఆ వాకిలంటే మొదటి నుంచీ కంటగింపే. ఒకే ఇంట్లో ఉంటూ వేరే దారి ఏమిటి? అడగాల్సినవాళ్లు అడగరు, తను అడిగితే బాగుండదు. ఆ వాకిలి గుండా ఆమె తన జన్మలో ఒక్కసారే లోపలికి వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పదు, తనూ తలుచుకోదు.

ఇంతకీ ఈ షెడ్డు ఎందుకొచ్చిందంటే, కారు వల్ల. సాయికృష్ణకూ నిఖితకూ పెనుకొండ దగ్గర ఉద్యోగాలు. ఇద్దరూ కలిసి కారు కొనుక్కుని రోజూ అందులోనే పోయి వస్తారు. పెట్టేది మాత్రం వీధిలోనే. ఒకరోజు చింతపండు బస్తాల లారీ దాని తలుపును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీరి పోయింది. ఇంకోరోజు అద్దం విరిగి కింద పడి ఉంది. ఆ రోజు సాయికృష్ణ చెప్పేశాడు. "పెనుకొండలో ఇల్లు చూసినానమ్మా. కింద పార్కింగ్ ఉండాది. షెడ్డు కట్టిస్తే సరి, లేదంటే మేము ఆడికి పోతాం."

సుగుణమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. ఒక్కగానొక్క కొడుకు. పెనుకొండ ఎంత దూరమని మీరనొచ్చు. దూరం సంగతి కాదు. వేరే పొయ్యి పెట్టుకున్నవాళ్లు మళ్లీ వచ్చి ఈ వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటారా? ఆ భయం ఆమెను పట్టి కుదిపేసింది. వాస్తు చూసే ఆయన్ను పిలిపిస్తే, కారుకు వాయవ్యం తప్ప వేరే మూల పనికి రాదని తేల్చి వెళ్లాడు. సరే, వాయవ్యమే.

మరి గిరిజమ్మకు చెప్పేదెవరు? అక్కా తమ్ముళ్ల మధ్య నేనెందుకు, ఆయనే చెప్తాడులే అనుకుంది సుగుణమ్మ. ఆడవాళ్లూ ఆడవాళ్లూ మాట్లాడుకుంటారులే అనుకున్నాడు కేశవమూర్తి. అమ్మా నాయనా చూసుకుంటారు అనుకున్నాడు సాయికృష్ణ. "పెద్దత్త ఒప్పుకుందా అత్తా?" అని నిఖిత అడిగితే, "అన్నీ మాట్లాడినాంలే, నీకేమిటికి," అని సుగుణమ్మ తేల్చేసింది. తన మనసుకు మాత్రం వేరే సమాధానం చెప్పుకుంది. వెనక గదికి రంగులేయించాం, కొత్త ఫ్యాను బిగించాం, పక్కనే బాత్రూము కట్టించాం, వయసైన మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

మేస్త్రీ శ్రీరాములు వచ్చి వీధిలో మేకులు కొట్టి దారం కట్టేసరికి ఎండ గోడల మీదికి వచ్చింది. అతను చేతులు దులుపుకుని, "మంచి గడియ దాటిపోతాంది స్వామీ. ఇంటి ఆడబిడ్డను పిలవండి, ముగ్గు పోయల్ల కదా," అన్నాడు.

కేశవమూర్తి చప్పున సుగుణమ్మ వైపు చూశాడు.

వాళ్లింట్లో అదొక ఆచారం. ఎక్కడ కొత్త గోడ లేచినా, మొదటి గీత ఇంటి ఆడబిడ్డ చేత ముగ్గుపిండితో గీయించాలి. గీసినాక చీర పెట్టి, పసుపు కుంకుమలిచ్చి దండం పెట్టాలి. వాళ్ల తాతల కాలం నుంచీ అంతే. మిద్దె మీద గదికైనా, నీళ్ల తొట్టికైనా గీత గీసింది గిరిజమ్మే. షట్టరా, గేటా, జాలీనా అని కొట్టుకోవడంలో ఆ సంగతే ఎవరికీ గుర్తు లేదు.

"ఈసారికి నిఖితతో కానిచ్చేద్దాం," అన్నాడు సాయికృష్ణ గొంతు తగ్గించి.

అంతలోనే వాయవ్యం గది వీధి వాకిలి తెరుచుకుంది. ఆకుపచ్చ ధర్మవరం పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, ముగ్గు గిన్నె పట్టుకుని గిరిజమ్మ మెట్టు దిగింది.

"నన్ను పిలిచేదానికి ఇంత సేపా? పొద్దున్నుంచీ తయారై కూర్చోనుండా. ఏమప్పా శ్రీరాములూ, యాడినుంచి?"

"ఈ సందు మూల నుంచమ్మా."

గది పక్కనున్న ఇరుకు సందులో పాత తొట్టి తీసేసి షెడ్డు వేస్తారని గిరిజమ్మ అనుకుంటోంది. ఆ సందులో కారు పట్టదని ఇంజనీరు ఎప్పుడో చెప్పేశాడు. ఆమెకే ఎవరూ చెప్పలేదు.

ఆమె వంగి, చిటికెతో పిండి తీసి వదలడం మొదలుపెట్టింది. గీత అంటే అదీ! దారం చూడాల్సిన పనే లేకుండా తెల్లగా, సన్నగా సాగిపోతోంది.  ఆపుదామంటే సుగుణమ్మకు నోరు రాదు. చూద్దామంటే కళ్లు నిలవవు. గీత సందు దాటింది, గోడ వెంట నడిచింది, గిరిజమ్మ మెట్టు దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇంగ చాల్లేప్పా. నా మెట్టు వచ్చేసింది."

"మెట్టు దాటి పోవల్లమ్మా, ఈ గది గోడ చివరి దాకా. కారు లోపలికి పోయేది ఈడే కదా," అన్నాడు శ్రీరాములు, తాపీతో ఆమె వాకిలిని చూపిస్తూ.

"ఏ గది?"

"ఇదేనమ్మా. దీన్ని పడేస్తాం కదా."

 గిరిజమ్మ నడుము నిటారుగా చేసుకుని తమ్ముడి వైపు చూసింది. కేశవమూర్తి తన చెప్పుల వైపు చూశాడు.

"కేశవా."

"అక్కా... సుగుణ నీకు చెప్పింటాదని..."

"నేనా? మీ అక్కకు మీరే చెప్తారని కదా నేను!" అంది సుగుణమ్మ.

"ఒకరు చెప్పింటారని ఒకరు. బాగుండాది," అంది గిరిజమ్మ.  "గడప ముందర ముగ్గు పెట్టేది నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. గడప పెరికేసేదానికి ముగ్గు పోసేది నాకు రాదప్పా. ఇంగెవురితోనైనా పోయించుకోండి."

గిన్నెను మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్లింది. వాకిలి మూసుకుంది. గడియ పడిన చప్పుడు వీధి మొత్తానికీ వినబడింది.

శ్రీరాములు దారం చుట్టుకుని వెళ్లిపోయాడు. కేశవమూర్తి, "మార్కెట్‌కు లారీ వచ్చింటాది," అని కండువా దులిపి భుజాన వేసుకుని జారుకున్నాడు. ఏదైనా గొడవ రాగానే ఆయనకు ఎక్కడో ఒక లారీ వస్తుంది. సాయికృష్ణ పడసాలలో అటూ ఇటూ తిరిగి, చివరికి కారు తాళం తీసుకున్నాడు.

"నేను డ్యూటీకి పోతాండా. షెడ్డూ వద్దు ఏమీ వద్దు. పెనుకొండ ఇంటికి ఈ పొద్దే మాట ఇచ్చేస్తా."

"అట్లనాకురా సాయీ! మీ అత్తతో నేను మాట్లాడతా, ఒక్కపూట ఆగు..."

వాడు వినలేదు. కారు వీధి మలుపు తిరిగిపోయింది. సుగుణమ్మ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. వెనక్కి తిరిగేసరికి ఎదురుగా నిఖిత.

"అత్తా, పెద్దత్త ఒప్పుకుందని చెప్తిరి కదా నాకు?"

"ఇప్పుడు నువ్వు గూడా మొదలుపెట్టాకు."

"నేను అడిగింది షెడ్డు అత్తా. ఒకరి గది కాదు. ఇట్లని తెలిసింటే ఆ కాగితాలే ముట్టుకోకపోతును. పాపం, పట్టుచీర కట్టుకోని వచ్చిందామె..."

ఆ పట్టుచీర మాటే సుగుణమ్మను పొడిచింది. తప్పు తనదని తెలుసు. తెలిసినందుకే కోపం తన్నుకొచ్చింది. "చాల్లే తల్లీ! నీ కారు వచ్చినప్పట్నుంచే ఈ ఇంట్లో నిప్పు. నిన్న వచ్చినదానివి, ఈ ఇంటి గోడల సంగతి నీకేమిటికి?"

నిఖిత వెనుదిరిగింది. లోపలికి వెళ్లి హ్యాండ్‌బ్యాగు తెచ్చుకుంది. "సరే అత్తా. నిన్న వచ్చినదాన్ని, ఈ పొద్దు పోతాను," అని చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. బస్టాండు వైపు పోయే ఆటోను చెయ్యెత్తి ఆపింది. పుట్టింటికి, ధర్మవరానికే పోతోందని తెలుస్తూనే ఉంది. పిలువు, పిలువు అని మనసు కొట్టుకుంటోంది. నోరు పెగిలితే కదా! ఆటో వెళ్లిపోయింది.

మధ్యాహ్నం సుగుణమ్మ కంచంలో అన్నం పెట్టుకుని గిరిజమ్మ గది లోపలి తలుపు దగ్గరికి వెళ్లింది. అది కూడా గడియ వేసి ఉంది.

"వదినా, అన్నం తెచ్చినా."

"ఆకలి లేదు."

"కోపం నా మీద గదా, అన్నం మీద ఏమిటికి? నా మాట విను వదినా. వెనక గది దీనికంటే పెద్దది. ఫ్యానుంది, పక్కనే బాత్రూముంది. నువ్వు చూడనన్నా చూడలే."

"చూసినా. రంగులేసేటప్పుడే చూసినా. చుట్టాలకనుకుంటి." గిరిజమ్మ గొంతు తలుపు దగ్గరికి వచ్చింది. "గది పెద్దదే సుగుణా. దాని వాకిలి యాడికి?"

"యాడికేముంది, వంటింట్లోకి."

"అంటే నేను బయటికి పోవల్లంటే నీ వంటిల్లు దాటల్ల, నీ పడసాల దాటల్ల. కూర్చోనుండేవాళ్లు యాడికి పోతాండావంటారు. చెప్పల్ల. వచ్చేటప్పుడు యాడినుంచి వస్తాండావంటారు. మళ్లా చెప్పల్ల. మడకశిరలో చెప్పీ చెప్పీ వచ్చినదాన్ని. ఇంగ నాతో కాదు. నాయన ఈ వాకిలి పెట్టించింది గాలి కోసమనుకుంటివా?"

సుగుణమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. తోచనప్పుడు గమ్మున ఉంటే పోయేది. ఆమె నోరు ఊరుకుంటుందా! "మరి నా కొడుకు పోతాడు వదినా! నీకు ఆ వాకిలి ఎంతో, నాకు వాడు అంతకు వెయ్యింతలు. కని పెంచింటే తెలిసేది నీకు!"

మాట బయటికి వచ్చాకగానీ అదేం మాటో ఆమెకు తెలియలేదు.  సుగుణమ్మ కంచం పట్టుకుని కాసేపు నిలబడి, వంటింట్లోకి వెళ్లి, అన్నం మీద ఇంకో కంచం బోర్లించి కూర్చుంది. తనూ తినలేదు.

సాయంత్రానికి భయం మొదలైంది. నిఖిత ఫోను ఎత్తడం లేదు. సాయికృష్ణ ఫోన్ చేసి, "నిఖిత ఇంట్లోనే ఉందా? నా ఫోనూ ఎత్తలేదు," అంటే, "తలనొప్పని పడుకోనుందిరా," అని అబద్ధం చెప్పింది. ఆ వెంటనే ధర్మవరంలోని వియ్యంకురాలికి చేసింది. క్షేమ సమాచారాలు అడిగి, ఇక ఉండబట్టలేక, "నిఖిత ఉంటే ఒకసారి ఫోన్ ఇయ్యండి," అనబోయింది. అంతలో అవతలి నుంచి ఆవిడే, "మా నిఖిత ఏం చేస్తాంది? ఫోన్ చేసి ఎన్ని దినాలాయెనో! ఒకసారి ఇయ్యండి," అంది.

సుగుణమ్మ నోటికొచ్చింది చెప్పింది. "స్నానానికి పోయింది... మళ్లా చేయిస్తా," అని ఫోను పెట్టేసింది. ధర్మవరం పోలేదు. మరి ఎక్కడికి పోయింది? పొద్దు గూకుతోంది. ఒక్కతే ఆడపిల్ల. తన నోటి దురుసుకు ఏ అఘాయిత్యం జరిగినా ఆ పాపం ఎవరిది?

వీధి అరుగు మీద కేశవమూర్తి, ఇంజనీరు ప్రేమ్ కుమార్, మార్కెట్లో పక్క అంగడి చంద్రప్ప, ఇంకో ఇద్దరు చేరారు. ముహూర్తం ఆగిపోయిందని తెలిసి పరామర్శకు వచ్చినట్టు వచ్చారు. షట్టర్ గురించి మాట్లాడుతూనే కళ్లన్నీ ఇంట్లోకి పెట్టారు. వాళ్లను దాటి వీధిలోకి పోయి ఏమని వెతకాలి? దేవుడి ముందు దీపం పెడితే ఒత్తి అంటుకోలేదు. అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల ఆరిపోయింది.

అప్పుడు వినబడింది. గిరిజమ్మ గదిలో కంచం చప్పుడు. వెంటనే ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

సుగుణమ్మ వెళ్లి లోపలి తలుపు తోసింది. గడియ లేదు, తెరుచుకుంది. నేల మీద నిఖిత కూర్చుని పులియోగరె తింటోంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. గిరిజమ్మ పక్కన కూర్చుని చెంబులోంచి మజ్జిగ వంచుతోంది. సుగుణమ్మ నోరు తెరవబోయింది. అంతకంటే ముందే గిరిజమ్మ, అరుగు మీదివాళ్లకూ వినబడేటంత గొంతుతో అంది.

"మేమిద్దరం గుడికి పోయింటిమి సుగుణా. ఇప్పుడే వచ్చినాం. బిడ్డకు ఆకలైంది."

సుగుణమ్మ వచ్చి నిఖిత ఎదురుగా నేల మీద కూర్చుంది.

ఆ మాట ఆమె ముందే విన్నది. ఇదే గొంతు, ఇదే గది. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒకరోజు తను ఏదో గోడకు మేకు కొట్టించిందని అత్తగారు, "నిన్న వచ్చినదానివి, ఈ ఇంటి గోడల సంగతి నీకేమిటికి?" అంది. రోషంతో సుగుణమ్మ ఎవరికీ చెప్పకుండా బస్టాండుకు వెళ్లిపోయింది. గుడిబండ బస్సులు వచ్చాయి, పోయాయి. పుట్టింటికి పోయి ఏమని చెప్పాలో తెలియక, దీపాలు పెట్టే వేళకు ఏడ్చుకుంటూ వెనక్కి వచ్చింది. అరుగు నిండా మామగారూ, మగవాళ్లూ. ముందు వాకిలి గుండా ఎలా పోవాలి? వీధి మలుపులో నిలబడితే, ఈ వాకిలి తెరుచుకుంది. ఒక చెయ్యి వచ్చి ఆమెను లోపలికి లాగింది. మొహం కడిగి, అన్నం పెట్టి, "మేమిద్దరం గుడికి పోయింటిమమ్మా," అని వాళ్లమ్మతో చెప్పింది.

ఆ తర్వాత ఇన్నేళ్లలో గిరిజమ్మ ఆ ఊసు ఎత్తలేదు. దెప్పలేదు. ఈ పొద్దు మధ్యాహ్నం అంత మాట పడినప్పుడు కూడా ఎత్తలేదు.

"వదినా..." సుగుణమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. "మధ్యాహ్నం నేనన్న మాట..."

"ఏం మాట? నాకేం వినపడలే. తలుపు మూసుకోనుంటి కదా," అంది గిరిజమ్మ మజ్జిగ చెంబు పక్కన పెట్టి. కొంగుతో తన కళ్లు కూడా తుడుచుకుంది.

"పెనుకొండలో దిగి అక్కడే బస్టాండులో కూర్చున్నా అత్తా," అంది నిఖిత. "ధర్మవరం బస్సు ఎక్కబుద్ధి కాలే. మా అమ్మకు ఏమని చెప్పేది? వెనక్కి వస్తే అరుగు మీద అంతమంది. ఎట్ల రావల్లో తెలీక మలుపులో నిలబడింటే పెద్దత్త వాకిలి తీసింది."

సుగుణమ్మ కోడలి ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుంది. "మా అత్త నన్ను ఏ మాటంటే ఏడ్చి పోయినానో, అదే మాట నిన్నంటినే! నా నోరు పడిపోను. ఆ పొద్దు ఈ వాకిలి లేకుంటే నా బతుకు ఏమయ్యేదో. ఆ వాకిలినే పెరికేయమంటి." ఆమె చెంపలు వాయించుకుంటుంటే నిఖిత చేతులు పట్టి ఆపింది.

కాసేపటికి సుగుణమ్మ లేచింది. చెంబుతో నీళ్లు తీసుకుని వీధి వాకిలి గడియ తీసి, మెట్టు దిగింది. పొద్దున గీసిన గీత ఇంకా తెల్లగా అలాగే ఉంది. నీళ్లు చల్లి అరికాలితో దాన్ని చెరిపేసింది. అరుగు మీదివాళ్లంతా మాటలు ఆపి చూస్తున్నారు. సుగుణమ్మ ఆ వాకిట్లోంచి రావడం వాళ్లెప్పుడూ చూడలేదు.

"ప్రేమ్ కుమార్, ఆ మూడు కాగితాలూ తీసుకుపోప్పా. వేరేది గీయి."

"వేరే జాగా యాడుందమ్మా?"

"నా ముందు గది ఉండాది కదా."

కేశవమూర్తి లేచి నిలబడ్డాడు. ముందు గది అంటే సామాన్యమైన గది కాదు. సుగుణమ్మ సోఫాలు, అద్దాల బీరువాలో వెండి సామాన్లు, పెళ్లినాటి బొమ్మలు, అన్నీ అందులోనే. తడి కాళ్లతో అడుగు పెడితే కన్న కొడుకునైనా తిట్టే గది. గిరిజమ్మ గదికి ఆనుకునే ఉంటుంది.

"అది వాయవ్యం కాదు కదే!" అన్నాడాయన.

"వాయవ్యం పక్కనే కదా. కారుకు ఆ మాత్రం తేడా తెలీదులే. సోఫాలు వెనక గదిలో ఏస్తాం. రంగులు గూడా కొత్తవి. వచ్చేవాళ్లు వంటింట్లోంచి ఆడికే వస్తారు." ఆమె మొగుడి కళ్లలోకి సూటిగా చూసింది. "మీ నాయన ఒక మాట అని ఆ వాకిలి పెట్టించినాడు. మీరు మరిచిపోయినారు, నేనూ మరిచిపోయినా. పోయి మీ అక్కతో మాట్లాడండి. ఈసారి లారీ రాలేదులెండి."

చంద్రప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు. కేశవమూర్తి తల వంచుకుని అక్క గదిలోకి వెళ్లాడు.

సాయికృష్ణ వచ్చేసరికి సంగతంతా తెలిసింది. భార్య వాచిన కళ్లు చూశాడు, తల్లిని చూశాడు. నేరుగా వెళ్లి మేనత్త కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నీ గది పోతాదని నాకు తెలుసు అత్తా. తెలిసే గమ్మునుంటి. పెనుకొండ ఇల్లు వద్దని చెప్పేస్తా."

"పెండ్లాం మొగుడు మీరిద్దరూ యాడుండల్లో మీ ఇష్టంరా. ఉండల్లనుకుంటే ఉండండి, పోవల్లనుకుంటే పోండి. నా గది పేరు మాత్రం మధ్యలోకి తేవాకు," అంది గిరిజమ్మ. ఆ మాటకు సుగుణమ్మ కూడా ఎదురు చెప్పలేదు. పోతామని మాత్రం ఎవరూ అనలేదు.

మళ్లీ మంచి రోజు చూసుకుని శ్రీరాములు వచ్చాడు. ఈసారి సుగుణమ్మే స్వయంగా పోయి పిలిచింది. గిరిజమ్మ అదే పట్టుచీర కట్టుకుని, గిన్నె పట్టుకుని, తన గది గోడ అయిపోయిన చోట వంగింది.

"యాడిదాకా సుగుణా?"

"నా గోడ చివరి దాకా వదినా."

గీత సాగిపోయింది. సోఫాలు తీసేసిన కిటికీ కింది నుంచి, పెద్ద వాకిలి మెట్ల దాకా పోయి ఆగింది. ముందర ఏం పెట్టాలని శ్రీరాములు అడిగితే, "జాలీ," అంది సుగుణమ్మ. "మా నిఖిత చెప్పింది. గాలీ వెలుతురూ వస్తాదంట." నిఖిత తల తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

"సరే, గీసినా. చీర యాడ? ఆడబిడ్డను ఉత్త చేతుల్తో పంపిస్తారా?" అని గదమాయించి గిరిజమ్మ తన గదిలోకి వెళ్లిపోయింది.

సుగుణమ్మ చీర, పసుపు, కుంకుమ తాంబాళంలో పెట్టుకుంది. ఇంట్లోంచి పోతే రెండడుగులు. ఆమె అలా పోలేదు. పెద్ద వాకిలి దిగి, వీధిలోంచి నడిచి, కొత్త ముగ్గు తొక్కకుండా పక్కనుంచి పోయి, గిరిజమ్మ మెట్టు ముందు నిలబడి తలుపు తట్టింది.

"వదినా, లోపలికి రావచ్చునా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.  సుగుణమ్మ కళ్లల్లోంచి నీళ్లు తాంబాళంలోని చీర మీద పడ్డాయి.

"రా," అంది గిరిజమ్మ. "చెప్పులు ఆడే విడిచి రా. ఇప్పుడే తుడిచినా."